లేచేటప్పటి బరువు

మీట నొక్కితే కంప్యూటర్ లేస్తోంది. లోపల పంకాలు గుర్రుమంటున్నాయి, ముందు పచ్చదీపం వెలుగుతోంది, తెర మీద నాలుగు తెల్ల అక్షరాలు కూడా పడుతున్నాయి. అంతలో ఏమవుతుందో ఏమో, ఎవరో గొంతు పట్టుకున్నట్టు అన్నీ ఒక్కసారిగా ఆగిపోతున్నాయి. సుంకన్నకు మూడు రోజులుగా ఇదే గోడు.

అదేమీ తెలియని మనిషి చేతిలో పడిన పెట్టె కాదు. సుంకన్న నంద్యాలలో పదకొండేళ్లు కంప్యూటర్ల రిపేరు షాపులో పనిచేసినవాడు. మూత తీయకముందే రోగం చెప్తాడని పేరు. ఆ పేరూ ఆ షాపూ వదిలేసి మూడేళ్ల కిందట రుద్రకోన మఠానికి వచ్చి చేరాడు. షాపు వదిలాడు గానీ ఆ పేరును మాత్రం వెంట తెచ్చుకున్నాడు. అది పెద్ద తప్పని నేననను, ఎవరికైనా ఏదో ఒకటి ఉండాలి కదా.

రుద్రకోన నల్లమల అంచున ఉంటుంది. బస్సు దిగి మూడు మైళ్లు ఎక్కాలి. ఆ ఏడు వానాకాలమంతా మబ్బు కొండ దిగి మఠంలోకే కాపురానికి వచ్చింది. పొద్దున తలుపు తీస్తే చాలు, లోపలికి వచ్చి కూర్చునేది. పొమ్మనేవాళ్లు లేరు కనక సాయంత్రం దాకా కదిలేది కాదు. ఎదురుగా ఉన్న వేపచెట్టు ఒకసారి కనిపించేది, ఒకసారి అసలు ఉందో లేదో తెలిసేది కాదు. అలాంటి రోజుల్లో మనిషికి తాను మేలుకునే ఉన్నాడా, కలలో తిరుగుతున్నాడా అన్నది కూడా సరిగ్గా తెలియదు.

మఠంలో ఉండేది ఇద్దరే. రెండోవాడు గురువు దస్తగిరయ్య. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, దూదేకుల ఇంట పుట్టాడు. ఇప్పటికీ పొద్దుపోకపోతే దూది ముందేసుకుని దిండ్లు కుడుతుంటాడు. ఆయనకు గురువు రామక్క. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది. బతికినన్నాళ్లూ తత్వాలు పాడింది, కాగితం మీద ఒక్క ముక్క పెట్టలేదు. ఆఖరి రోజుల్లో ఎవరో భక్తుడు టేపురికార్డరు తెచ్చి పక్కన పెట్టి నలభై క్యాసెట్లు నింపాడు. ఆమె గొంతు ఈ భూమ్మీద మిగిలింది ఆ నలభైలోనే.

సుంకన్న వచ్చేసరికి వాటికి బూజు పట్టింది. ఒక్కో క్యాసెట్టునూ ప్రాణంలా పట్టుకుని పాడించి కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఒక్కసారి పలికి టేపు పొడిపొడిగా రాలిపోయింది. నలభైకి నలభై అంతే. ఆ పొడిని తుడుస్తూ సుంకన్న ఏడ్చాడు, కానీ గొంతు దక్కింది కదా అని ఊరుకున్నాడు.

అయితే దక్కిన గొంతు వెనక వాన చప్పుడుంది, దగ్గులున్నాయి, టేపు చేసే బుసబుస ఉంది. అది సుంకన్నకు నచ్చలేదు. రామక్క గొంతును కడిగిన ముత్యంలా బయటికి తీయాలని పట్టు పట్టాడు. మూడేళ్లుగా చెవులకు డిప్పలు తగిలించుకుని ఎక్కడ ఏ చప్పుడుందో వెతుకుతూ, కోస్తూ, తుడుస్తూ కూర్చున్నాడు. నకలు తీసి ఇంకోచోట పెట్టుకోవాలని తెలియక కాదు. శుభ్రం చేశాక పెడదాం, మురికి బట్టలు మడతపెట్టి దాచుకుంటామా అనుకున్నాడు. అలా ఆ నలభై క్యాసెట్ల పాటా ఒకే ఒక్క పాత హార్డ్ డిస్కులో ఉండిపోయింది. ఈ సంగతి గురువుకు చెప్పలేదు.

ఈ మధ్య చప్పుళ్లను తనంతట తానే పసిగట్టి తీసేసే కొత్త ప్రోగ్రాము వచ్చిందని నంద్యాల స్నేహితుడు చెప్పాడు. దానికి గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆ స్నేహితుడే బస్సులో పార్సిలు పంపాడు. కార్డు ఒకటి, కొత్త డిస్కులు మూడు, వేడి తగలకుండా రెండు పంకాలు. సుంకన్న ఒక పూటలో అన్నీ బిగించేశాడు. ఆ పూట నుంచే పెట్టె పడుకోవడం మొదలైంది.

మొదటి రోజు సుంకన్న నేల బండ మీద సుద్దముక్కతో లెక్క వేశాడు. ఇంటికి మీటరు ఎలాగో కంప్యూటరుకు పవర్ సప్లై డబ్బా అలాగ. గోడలోంచి వచ్చే కరెంటును తీసుకుని లోపలున్న అందరికీ పంచేది అదే. ఆ డబ్బా మీద మూడు వందల వాట్లు అని రాసి ఉంది. ప్రాసెసరుకు తొంభై ఐదు, మదర్‌బోర్డుకు నలభై, కార్డుకు డెబ్బై ఐదు, డిస్కులు నాలుగింటికీ ముప్పై రెండు, పంకాలకు ఎనిమిది. అన్నీ కూడితే రెండు వందల యాభై.

"ఇంకా యాభై మిగులుతుండాది సామీ," అన్నాడు సుంకన్న. "డబ్బాకు ఈ బరువు లెక్కలోది కాదు. తప్పు ఇంకెక్కడో ఉండాది."

దస్తగిరయ్య గుమ్మం దగ్గర కూర్చుని దిండులోకి దూది కూరుతున్నాడు. తల ఎత్తలేదు.

"మూడు వందలని ఎవరు చెప్పినారబ్బీ?"

"డబ్బా మీదనే రాసుండాది సామీ."

"ఎప్పుడు రాసినారు?"

"చేసినప్పుడు. పద్నాలుగేండ్లు అయ్యుంటాది."

దస్తగిరయ్య దూదిని ఒక మూలకు నెట్టి వేళ్లతో సర్దాడు. "నా రేషన్ కార్డులో నాకు యాభై రెండేండ్లు. అది చూసి పరుపు నా నెత్తిన పెడతావా ఏంది?"

సుంకన్న నవ్వాడు. గురువు తమాషాకు అన్నాడనుకున్నాడు. బండ మీద లెక్కను ఇంకోసారి కూడాడు. మళ్లీ రెండు వందల యాభైయే వచ్చింది. లెక్క సరిగ్గా వచ్చినప్పుడు మనిషికి కలిగే మొండితనం అంతా ఇంతా కాదు.

రెండో రోజు తీగలు మార్చాడు, మెమరీ ముక్కలు తీసి తుడిచి పెట్టాడు, గోడ ప్లగ్గు మార్చాడు. ప్రతిసారీ పెట్టె లేచింది, ప్రతిసారీ పడుకుంది. మధ్యాహ్నం అన్నం తిని దాని ముందే గోడకు ఆనుకున్నాడు. కిటికీలోంచి మబ్బు వచ్చి తెర మీద చెమ్మగా కూర్చుంది. కన్ను మూతపడింది. ఎక్కడో దూరాన ఒక ముసలావిడ కొండ ఎక్కుతూ పాడుతోంది. పాడేది వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. నాలుగు అడుగులు వేసి ఆగి, ఆయాసపడి, మళ్లీ మొదటి నుంచి పాడుతోంది. ఆమె నెత్తిన ఏదో ఉంది. "అమ్మా, ఆగు, నేనొస్తా," అని సుంకన్న అనబోయాడు, మెలకువ వచ్చింది. వాన పడుతోంది. పక్కన దిండు మీద గురువు తల వాల్చి నిద్రపోతున్నాడు.

మూడో రోజు పొద్దున జరగకూడనిది జరిగింది. మీట నొక్కగానే పాత డిస్కులోంచి టిక్కు, టిక్కు, టిక్కు అని చప్పుడు వచ్చింది. ఎవరో గోరుతో తలుపు గీకుతున్నట్టు. తర్వాత పెట్టె ఆగింది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే చప్పుడు. షాపులో ఆ చప్పుడు సుంకన్న ఎన్నోసార్లు విన్నాడు. ఆ చప్పుడు చేసిన డిస్కులు పట్టుకుని ఎంతమంది ఏడుస్తూ వెళ్లారో కూడా చూశాడు. అప్పుడు వాళ్లకు ధైర్యం చెప్పింది తనే.

గోడ దగ్గర ప్లగ్గు పీకేసి బయటికి వచ్చాడు. దస్తగిరయ్య వరండాలో ముఖం కడుక్కుంటున్నాడు. సుంకన్న వెళ్లి ఆయన ముందు కూలబడ్డాడు.

"సామీ, రామక్క గొంతు పోయేటట్టుండాది."

దస్తగిరయ్య ముఖం తుడుచుకున్నాడు.

"నకలు లేదా?"

"లేదు సామీ. మూడేండ్లుగా తీయలేదు. బాగు చేసినాక తీద్దామనుకున్నా. మీకు చెప్పడానికి సిగ్గేసింది." సుంకన్న కళ్లెత్తలేదు. "లెక్క సరిగానే వేసినా సామీ. యాభై మిగిలింది. అయినా ఎందుకు పడుకుంటుందో నా బుర్రకు అందడంలేదు."

తిడతాడేమో అనుకున్నాడు. తిట్టినా బాగుండేది. దస్తగిరయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"పొయ్యిలోకి కట్టెలు లేవు. రా, పోదాం."

"ఇప్పుడా సామీ?"

"అన్నం ఇప్పుడే కదా వండాల."

సుంకన్నకు ఒళ్లు మండింది. ఒక పక్క ప్రాణం పోతుంటే కట్టెలేమిటి అనుకున్నాడు. అయినా లేచాడు. గురువు ముందు, తను వెనక. మబ్బులో పదడుగుల అవతల ఏమీ లేదు. ముందు నడిచే తెల్లపంచె ఒక్కటే తెలుస్తోంది, అది కూడా ఒక్కోసారి మబ్బులో కలిసిపోయి చెప్పుల చప్పుడు మాత్రమే మిగులుతోంది. ఎంతసేపు నడిచారో సుంకన్నకు తెలియలేదు. కొండ చరియ కింద వాన తగలని చోట ఎండుకట్టెలు దాచి పెట్టుకుంటారు. అక్కడికి చేరారు.

దస్తగిరయ్య పెద్దమోపు కట్టించాడు. తువ్వాలును చుట్టగా చుట్టి ఇచ్చాడు.

"ఈ మోపు మోస్తావా?"

"మొన్న ఇంతే మోసినా సామీ. మఠం దాకా దించలేదు."

"కూర్చో."

సుంకన్న గొంతుక్కూర్చుని చుట్టను నెత్తిన పెట్టుకున్నాడు. దస్తగిరయ్య మోపును బండకు ఆనించి దొర్లించి అతని తల మీదికి చేర్చాడు.

"లేయ్."

సుంకన్న లేవబోయాడు. మోకాళ్లు సగం దాకా వచ్చాయి. అక్కడ వణికాయి. పళ్లు బిగించి ఇంకో బెత్తెడు లేచాడు. కళ్ల ముందు మబ్బు నల్లగా అయింది. మోపుతో సహా వెనక్కి కూలబడ్డాడు. కట్టెలు చెల్లాచెదురయ్యాయి.

"మొన్న మోసినానంటివే?"

"మొన్న గొర్రెలకాడి సంజమ్మ పైకెత్తి పెట్టింది సామీ," అన్నాడు సుంకన్న వగరుస్తూ. "నిలబడి ఎత్తించుకున్నా."

దస్తగిరయ్య చెదిరిన కట్టెల్లో సగం ఏరి చిన్నమోపు కట్టాడు. మళ్లీ కూర్చోమన్నాడు, మళ్లీ నెత్తిన పెట్టాడు, మళ్లీ లేవమన్నాడు. సుంకన్న లేచాడు. నిలబడి ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు ఆయన మిగిలిన కట్టెలను ఒక్కొక్కటిగా తీసి, మునివేళ్ల మీద లేచి, మోపులోకి దోపడం మొదలుపెట్టాడు. ఒకటి పెట్టి ఆగేవాడు. సుంకన్న మెడ నిలదొక్కుకున్నాక ఇంకోటి పెట్టేవాడు. ఆఖరి రెండు కట్టెలు మాత్రం తన చంకలోనే పెట్టుకున్నాడు.

"ఇవి ఎందుకు సామీ వదిలేస్తిరి? మోస్తాను."

"మొన్నటి నువ్వు మోస్తావులే," అన్నాడు దస్తగిరయ్య. "నడువు."

సుంకన్న నడిచాడు. మోపు నెత్తిన ఉన్నట్టే ఉంది, బరువు మాత్రం అంతగా తెలియడం లేదు. కాళ్లు వాటంతట అవే వెళుతున్నాయి. పక్కన ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు, కనబడని పిట్ట ఒకటి కూత వేసి ఊరుకుంది. కొండంతా కలగంటున్నట్టుంది. ఆ కలలో తను మోపు మోస్తూ వెళ్తున్నాడు, అంతే.

మఠం గడప దగ్గరికి వచ్చి సుంకన్న ఆగిపోయాడు. మోపు దించలేదు. అలాగే నిలబడి ఉన్నాడు.

నాలుగు డిస్కులు. మీట నొక్కగానే నాలుగూ నిద్రలోంచి ఒక్కసారే లేవాలి. తిరిగేటప్పుడు ఒక్కోదానికి ఎనిమిది వాట్లు చాలు. లేచేటప్పుడు దానికి మూడింతలు కావాలి. కార్డు కూడా అప్పుడే లేవాలి, ప్రాసెసరూ అప్పుడే. తను బండ మీద రాసింది అంతా నడిచేటప్పటి బరువు. లేచేటప్పటి బరువు ఎక్కడా రాయలేదు. పైగా రాసుకున్నది పద్నాలుగేళ్ల కిందటి బలం. షాపులో కుర్రాళ్లకు తనే చెప్పేవాడు ఈ మాట. తన పెట్టె దగ్గరికి వచ్చేసరికి గుర్తు రాలేదు.

"దించబ్బీ, పొయ్యి వెలిగించాల," అన్నాడు దస్తగిరయ్య వెనక నుంచి.

సుంకన్న మోపు దించి లోపలికి వెళ్లాడు. కార్డు పీకేశాడు. కొత్త పంకాలు తీసేశాడు. కొత్త డిస్కులు మూడూ తీసి పక్కన పెట్టాడు. తను కలిపిందేదీ లోపల ఉంచలేదు. పాత డిస్కును మాత్రం తీగకు తగిలించి, దాని మీద అరచెయ్యి వేసి, మీట నొక్కాడు.

పంకా తిరిగింది. చెయ్యి కింద ఏమీ కదల్లేదు. రామక్కా, తల్లీ, ఈ ఒక్కసారికి లే, అనుకున్నాడు. ఆమెను అతను ఎప్పుడూ చూడలేదు. చూడని మనిషి కోసం అంత భయం వేస్తుందని కూడా అతనికి అప్పటిదాకా తెలియదు.

అరచేతికి సన్నటి వణుకు తగిలింది. డిస్కు లేచి తిరగడం మొదలుపెట్టింది. టిక్కు లేదు, గీకుడు లేదు. తెర మీద అక్షరాలు పడ్డాయి, పడినవి నిలబడ్డాయి. నలభై క్యాసెట్ల పేర్లూ ఒకదాని కింద ఒకటి వరసగా వచ్చాయి. సుంకన్న వాటిని వేలితో లెక్కపెట్టాడు, రెండోసారీ లెక్కపెట్టాడు.

పెట్టె నిలకడగా నడిచేదాకా ఆగాడు. అప్పుడు కొత్త డిస్కు ఒక్కదాన్ని తగిలించాడు. అది లేచింది. నకలు మొదలుపెట్టాడు. శుభ్రం చేసినవి కాదు, ఉన్నవి ఉన్నట్టుగా.

దస్తగిరయ్య అన్నం వండి రెండు పళ్లేల్లో తెచ్చాడు. ఇద్దరూ పెట్టె ముందు కూర్చుని తిన్నారు. బయట వాన మొదలైంది. మధ్యాహ్నం దాటేసరికి నకలు పూర్తయింది. సుంకన్న కొత్త డిస్కును విప్పి, పాతగుడ్డలో చుట్టి, తెచ్చి గురువు చేతిలో పెట్టాడు. దస్తగిరయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి దూదిలో పెట్టాడు.

"ఒకటి వినిపించు," అన్నాడు.

సుంకన్న మొదటి క్యాసెట్టు పెట్టాడు. బుసబుసలోంచి, వానలోంచి రామక్క గొంతు వచ్చింది. గొప్ప గొంతేమీ కాదు, కొంచెం బొంగురు. కానీ పాట మొదలుపెట్టిన రెండు క్షణాలకు గదిలో మబ్బు కూడా కదలడం మానింది. దస్తగిరయ్య కళ్లు మూసుకోలేదు. గోడ వైపు చూస్తూ, అక్కడ ఎవరో ఉన్నట్టే వింటున్నాడు. పాట అయిపోయింది. టేపు బుస మాత్రం ఇంకా వినిపిస్తోంది.

సుంకన్న గుండె తేలికపడింది. తేలికపడగానే పాత హుషారు తిరిగి వచ్చింది.

"ఇంక భయం లేదు సామీ. నంద్యాలకు ఫోను చేస్తా. ఆరువందల వాట్ల డబ్బా తెప్పిస్తా, కొత్తది. కార్డు, డిస్కులు అన్నీ ఒక్కసారే లేస్తాయి. ఈ గోలంతా పోయి ఆమె గొంతొక్కటే మిగులుతాది."

"మంచిదే," అన్నాడు దస్తగిరయ్య. "ఇప్పుడు పాడింది ఏంది?"

"మొదటి క్యాసెట్టు సామీ."

"క్యాసెట్టు కాదబ్బీ. పాట. మొదటి చరణం చెప్పు."

సుంకన్న నోరు తెరిచాడు. రెండు వందల సార్లయినా విని ఉంటాడు ఆ పాటను. రాగం చెవిలో తిరుగుతోంది. మాట ఒక్కటీ రావడం లేదు. వెతికాడు. లోపలంతా తెల్లగా, బయట మబ్బులాగే ఉంది. ఇప్పుడే, ఈ క్షణం కిందటే విన్న పాట. నోరు మూసుకున్నాడు.



"రెండో నిమిషం దాటినాక కోడి కూస్తుంది సామీ," అన్నాడు సుంకన్న చివరికి. "మూడో నిమిషంలో ఎవరో ఆడమనిషి దగ్గుతుంది. అవి చెప్పగలను."

చెప్పి తల దించుకున్నాడు. కన్నీళ్లు బండ మీద, సుద్దతో వేసిన లెక్కల మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

దస్తగిరయ్య దూది పక్కకు జరిపి చాపలో చోటు చేశాడు. పెట్టె ఆపమని చెయ్యి ఊపాడు. సుంకన్న ఆపాడు. పంకా తిరగడం తగ్గి తగ్గి నిలిచిపోయాక గదిలో అంత నిశ్శబ్దం ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. వచ్చి చాప మీద కూర్చున్నాడు.

ముసలాయన గొంతు సవరించుకుని పాడాడు.

"ఎవరి ఇంటి దీపమమ్మా ఇది, ఎవరు చమురు పోసిరో."

పాడి ఆగాడు. సుంకన్న అందుకున్నాడు. సగంలో మాట తప్పింది. దస్తగిరయ్య మళ్లీ పాడాడు. సుంకన్న మళ్లీ అందుకున్నాడు, ఊపిరి చాలక ఆఖరి మాట మింగేశాడు. మూడోసారీ అంతే. నాలుగోసారికి, బయట వాన ఎప్పుడు నిలిచిందో ఇద్దరికీ తెలియదు, పాదం మొదటి నుంచి చివరి దాకా అతని నోట వచ్చింది. బొంగురుగా, తడబడుతూ, కానీ మొత్తంగా వచ్చింది. సుంకన్నకు ఒళ్లు ఝల్లుమంది.

"తర్వాతది చెప్పండి సామీ," అన్నాడు ఆత్రంగా. "నలభై క్యాసెట్లుండాయి."

దస్తగిరయ్య దిండు ఒళ్లోకి తీసుకుని సూదిలో దారం ఎక్కించసాగాడు.

"ముందు ఇది లేచి నిలబడనీ అబ్బీ."